ముంపునీటిపై పడవప్రయాణము



నేను సిరిసిల్ల పట్టణమున ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి, కొలువు విరమించి, ఇప్పుడు ఇంటి అరుగుమీద కూర్చుండి కాలము గడపుచున్నవాడను. గొప్ప యాత్రికుడను కాను. కాశీ చూడలేదు, రామేశ్వరమును చూడలేదు. ఐనను పడవప్రయాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని అడిగినప్పుడు కాదనలేకపోతిని. స్నేహితులతో గూడి చవుకగా నీళ్ళమీద తిరిగిన అనుభవములు నాకు రెండున్నవి. మొదటిది మలయాళదేశమున జరిగినది. రెండవది మా పట్టణమునుండి బస్సులో గంటలోపల పోదగిన చోట జరిగినది. మొదటి ప్రయాణములో నేనొక మాట అంటిని. ఆ మాట మూలముననే రెండవ ప్రయాణము చేయవలసి వచ్చినది.

మేము నలుగురము. నేను గాక, తపాలా కచేరిలో ఉద్యోగము చేసి విరమించినవాడు ఒకడు. మేమతనిని పోస్టుమాస్టరనియే పిలిచెడివారము. ఎక్కడికి పోయినను డబ్బుసంచియు, ఖర్చు వ్రాయు చిట్టాయు అతనివద్దనే ఉండును. రెండవవాడు నలువదియేండ్లు సాంచెలు నడిపిన నేతకాడు. మా వైపున మరమగ్గమును సాంచె యందురు. ఆ చప్పుడులో బ్రతికినవాడగుటచే అతడు గుడిలోనైనను కేకవేసియే మాటలాడును. మూడవవాడు రైతు. మానేటి యొడ్డున తాతలనాటి తరిపొలము నాలుగెకరములు, నడుమ మోట బావి, ఇంటిముందు చింతచెట్టు కలవాడు. అతనిని మేము పటేలా అని పిలిచెదము. అతడు నన్ను పంతులూ అని పిలుచును. బడిలో నావద్ద చదువుకొన్నవాడు కాడు. వాని కొడుకులు చదువుకొన్నారు.

2017వ సంవత్సరము సంక్రాంతి పోయిన తరువాత మేము మలయాళమునకు బయలుదేరితిమి. నేతకాని యల్లుడు అచ్చటి నీళ్ళ చిత్రములను చూపి యందరికిని ఆశ పుట్టించినాడు. వరంగల్లున కేరళ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, జొన్నరొట్టెలు, వెల్లుల్లికారము, సకినాలు మూటగట్టుకొని, ఎర్నాకుళమున దిగి, అచ్చటనుండి బస్సులో ఆలప్పుళకు చేరితిమి. ఆ ఊరి నడిబొడ్డున కాలువయున్నది. కాలువ గట్టున పడవల బారులు. వానిలో పెద్దవి ఇండ్లవలె నుండును. వానిని కెట్టువళ్ళములందురు. పూర్వము ధాన్యము మోయుటకు చేసినవి. పలకలను ఇనుపమేకులు లేక కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టుదురు. ఇప్పుడు వానిలో మంచములు, స్నానపు గదులు, వంటవాడు, సమస్తమును కలవు. ఒక రాత్రికి బాడుగ ఎంతయని అడిగితిమి. పోస్టుమాస్టరు విని, మారుమాట యాడక, సంచిమూతి రెండుచుట్లు బిగించెను.

అటుతరువాత ఒక టీ దుకాణమువాడు మాకు త్రోవ చూపినాడు. ఆ రాష్ట్రమున ప్రభుత్వమువారు జలరవాణా శాఖయని ఒకటి 1968లో ఏర్పరచినారు. మనకు బస్సు లెట్లో వారికి పడవ లట్లు. బడిపిల్లలు, కూలివారు, చేపలమ్మువారు, పెండ్లికి పోవువారు అందరును దానిలోనే పోవుదురు. మేము పోయిననాడు మనిషికి ఇరువది రూపాయలకు లోపలనే టిక్కెట్టు ఉండెను. ఆ పడవలో కూర్చుండి నెడుముడి వరకును, అచ్చట మరియొకటి పట్టుకొని కావాలము వరకును పోయితిమి. వేలు పోసినవారు చూచిన నీరే మేమును చూచితిమి. పైగా మా ప్రక్కన ఒక ముసలమ్మ కోడిపిల్లల గంపతో కూర్చున్నది. ఆమె మాకు ప్రతి రేవు పేరును చెప్పినది. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకు రాదు. ఐనను నేతకాడు ఆమెతో సిరిసిల్ల సాంచెల సంగతి అంతయు కేకవేసి చెప్పెను. ఆమె తలయూపుచునే యుండెను.

ఆ పడవ నడుపువిధము చెప్పదగినది. చుక్కానివాడు ముందర ఎత్తున నిలుచుండును. యంత్రము నడుపువాడు క్రింద నుండును; వానికి నీరు కనబడదు. పైవాడు త్రాడులాగి గంట మ్రోగించును. ఆ మ్రోతనుబట్టి క్రిందివాడు నెమ్మదింపజేయుటయో, ఆపుటయో, వెనుకకు నడపుటయో చేయును. రేవు రాగానే ఇంకొకడు త్రాటితో గట్టుమీదికి దుముకును. పడవ పూర్తిగా ఆగకముందే బడిపిల్లలు దిగుదురు. నాకు గుండె ఝల్లుమన్నది. మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ ఆ ప్రాంతముననే, పల్లన యను చోట, 1924 జనవరి 16వ తేదిన పడవ మునిగి మరణించెనని నాకు చదివిన జ్ఞాపకము. నేనా సంగతి చెప్పబోగా పోస్టుమాస్టరు, "దిగినంక చెప్పు పంతులూ" అని నానోరు మూయించెను.

ఆ నీటిని వారు కాయలని యందురు. సముద్రమునకును భూమికిని నడుమ నిలిచిన నీరు. కొండలనుండి వచ్చు నదులు దానిలో కలియును. ఆటుపోటులతో ఉప్పునీరును దానిలోనికి వచ్చును. వేంబనాడు కాయలు వానిలో పెద్దది. దాని దాపున కుట్టనాడు. అచ్చటి వరిపొలములు సముద్రమట్టమునకు తక్కువ ఎత్తున నున్నవి. కాయలులోనే గట్లుకట్టి, లోపలి నీటిని తోడివేసి, బురదలో వరి నాటుదురు. చిత్తిర, మార్తాండము, రాణి యను పేర్లుగల పెద్ద పొలములను 1940 ప్రాంతములలో మురిక్కన్ అను రైతు అట్లే నీటినుండి తీసినాడు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 2013లో ఆ సేద్యమును లోకమునకు వారసత్వమని గుర్తించినారు.

పటేలుకు ఇల్లు పడవలు పట్టలేదు, కొబ్బరిచెట్లు పట్టలేదు. పొలమును చూడగానే మాత్రము పడవ అంచు పట్టుకొని లేచి నిలుచుండెను. పడవ పైనుండి పోవుచున్నది, వరి క్రిందనున్నది! మన చెరువుక్రింది పొలమును తూమువద్ద నిలిచి చూచినట్లు కాదు. చెరువు కట్టమీద పడవలో కూర్చుండి చూచినట్లు. గట్టు తెగిన ఏమగును, నీరు ఎవరు తోడుదురు, కరెంటు ఖర్చు ఎవరిది, ఎన్ని పుట్లు పండును అని నన్ను అడిగెను. నాకేమి తెలియును? పుస్తకములో చదివినది చెప్పితిని. అతడు వినలేదు. గట్టుమీద చిన్న ఇల్లు, ముంగిట ఎండవేసిన వడ్లు, నీటిలోనికి దిగు నాలుగు మెట్లు, ఆ మెట్లమీద గిన్నెలు తోము స్త్రీ, వీనిని చూచుచుండెను. చాలసేపటికి నావైపు తిరిగి, "పంతులూ, మా ఊరు మునిగినంక గిట్లనే ఐతదా?" అని అడిగెను.

ఇచ్చట మా మానేటి సంగతి కొంత చెప్పవలెను. తెలిసినవారు మన్నింతురు గాక.

మానేరు గోదావరికి ఉపనది. దానిపై మూడు ఆనకట్టలున్నవి. నర్మాలవద్ద నిజాము ప్రభువుల కాలమునాటి ఎగువ మానేరు, కరీంనగరమువద్ద దిగువ మానేరు, ఈ రెంటికిని నడుమ బోయినపల్లి మండలములోని మాన్వాడవద్ద మధ్య మానేరు. ఈ నడిమిదానికి ఇరువదియైదు గేట్లు; నిండిన నీటిమట్టము సముద్రముపై 318 మీటర్లు; ఇరువదియైదు టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టును. టి.ఎం.సి. యన నూరుకోట్ల ఘనపుటడుగులు. వేములవాడ స్వామి పేరున దానిని రాజరాజేశ్వర జలాశయమని పిలుచుచున్నారు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా, అనుపురము, రుద్రవరము, సంకెపల్లి, కొడుముంజ, శాభాష్‌పల్లి మొదలైన ఊళ్ళు దానివలన నీటిపాలైనవి. పటేలు ఊరు ముంపూళ్ళలో ఒకటి. ఏదియో చెప్పను. అన్నిటి కథయు ఒక్కటే.

మేము మలయాళములో పడవ ఎక్కునాటికి కట్టపని ఇంకను ముగియలేదు. 2016 సెప్టెంబరు వానలకు కట్ట ఒకచోట తెగినది కూడ. పటేలు భూమికి పరిహారము పుచ్చుకొన్నాడు. ఇంటి కొలతలు వ్రాసికొని పోయినారు. కాలనీలో స్థలమును చూపినారు. కాని ఇల్లు విప్పలేదు. ఆ యేడును వరి నాటినాడు. నీరు రాదని అతని నమ్మకము కాదు. వచ్చునని తెలిసియే నాటినాడు. అట్టివాడు నన్నడిగిన ప్రశ్న అది.

నేనేమంటిని? పంతులును గదా. చల్లగాలి, కడుపునిండ భోజనము, నలుగురు వినుచున్నారు. "ఏల కాకూడదు పటేలా! మానేరును కాయలే యగును. దేశములనుండి జనులు చూడవత్తురు. అప్పుడు నీవే నన్ను పడవ ఎక్కించి నీ ఊరు చూపుదువు గాక!" అంటిని. మిత్రులు నవ్విరి. పటేలును కొంచెము నవ్వెను. తరువాత కావాలము రేవు వచ్చువరకు మాటలాడలేదు. నేను దానిని గమనించితిని. గమనించియు, కునుకు పట్టినదేమో యని సరిపెట్టుకొంటిని.

ఆ యాత్రకు రైలు బస్సు తిండి బస అంతయు గలిపి మనిషికి మూడువేల నాలుగువందల రూపాయలైనది. ఆ చిట్టా ఇప్పుడు నావద్దనే యున్నది. దానిలో "పడవ" అను పద్దు అన్నిటికంటె చిన్నది.

మరుసటి సంవత్సరము, 2018 ఆగస్టులో, కేరళమున మహావరదలు వచ్చి కుట్టనాటి గట్లు తెగి, ఇండ్లన్నియు మునిగి, జనులను పడవలలో తరలించిరని వింటిమి. కోడిపిల్లల ముసలమ్మ ఏమయ్యెనోయని నేతకాడు పలుమార్లు అడిగెను. ఆమె పేరును మేము తెలిసికొనలేదు.

మా ఊళ్ళు ఖాళీయైనదియు ఆ కాలముననే. పటేలు దూలములు, తలుపులు, కడపలు విప్పి ట్రాక్టరులో తెచ్చుకొన్నాడు. చింతచెట్టును తేలేకపోయెను. దానిని కొట్టి అమ్ముమని కొడుకులు చెప్పినను వినలేదు. 2019లో ఎల్లంపల్లినుండి ఎత్తిపోసిన గోదావరి నీరు లక్ష్మీపూరు పంపుల మీదుగా వచ్చి చేరినది. ఆ సంవత్సరాంతమునకు జలాశయము నిండియుండెను. ఇచ్చటనుండి నీరు దిగువ మానేటికిని, మరియొకవైపు అనంతగిరి, రంగనాయకసాగరము, మల్లన్నసాగరము, కొండపోచమ్మసాగరముల వరకును పోవును.

ఈ నీటిని నేను నిందింపను. నా చిన్ననాడు వైశాఖమాసమున మానేటిలో చెలిమ త్రవ్వి, చిప్పతో నీరు తోడి కడవ నింపుట నేను కన్నులార చూచినాను. మా వైపున బోరులు వేసి, నీరు పడక, అప్పులపాలైన ఇండ్లు లెక్కకు మిక్కిలి. నేడు అవే ఊళ్ళలో బోరులలో నీరు పైకి వచ్చినది, రెండుకార్లు వరి పండుచున్నది. పండినవానికి సంతోషమే. అది అబద్ధము కాదు. నాకు నచ్చని దొక్కటే. పండినవాడు మునిగినవానివద్దకు వచ్చి, "నీళ్ళు ఎంత చక్కగానున్నవో చూడు" అనుట. నేనన్నదియు అదే గదా.

ఆ నీటికి మూడు పేర్లున్నవి. కాగితములలో జలాశయము. సెలవుదినములలో వంతెనమీద నిలిచి చిత్రములు తీసికొను పడుచువాండ్రకు బ్యాకువాటరు. కాలనీలోని ఆడవాండ్రకు ముంపు. "ముంపుకాడికి పోయి వచ్చిన" అందురు, పుట్టినింటికి పోయివచ్చినట్లు. వేసవిలో నీరు తగ్గినప్పుడు గోడలు, గుళ్ళు, బాటలు తేలును. అప్పుడు వారు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఇది వాకిలి, ఇది పొయ్యి అని చూపుకొందురు. బ్యాకువాటరనుటకు తెలుగున వెనుకజలము అని నేనొకప్పుడు మాట కూర్చి, మంచి మాట కూర్చితినని మురిసితిని. కాలనీలో ఎవరును దానిని వాడలేదు. వారివద్ద మాట ముందే యున్నది.

పటేలు మాత్రము పోలేదు. వేసవిలోను పోలేదు. బస్సు వంతెనమీదికి రాగానే కిటికీ ప్రక్కనుండి లేచి ఇవతలి వరుసలో కూర్చుండెడివాడు. 2021లో పోస్టుమాస్టరు కాలముచేసెను. నలుగురము ముగ్గురమైతిమి. సాయంకాలములు అరుగుమీద మాటలు తగ్గినవి.

2024 డిసెంబరులో దత్తజయంతికి ముందొకదినము పటేలు మా యింటికి వచ్చి, చెప్పులు విడువకయే, "పంతులూ, పడవెక్కించి ఊరు చూపియ్యుమంటివి గద. చూపిస్త, నడువు" అనెను. ఏడేండ్లు గడచినవి. ఆ మాట నేను మరచితిననుకొన్నాను. అతడును మరచి యుండుననుకొన్నాను. నా నోట మాట రాలేదు. లోపలికి పోయి కండువా తెచ్చుకొంటిని. నేడు కాదు, జాతర రద్దీ పోనిమ్ము అని అతడే నవ్వి కూర్చుండెను.

వరదవెల్లి గుట్టమీద దత్తాత్రేయస్వామి గుడియున్నది. ఊరు మునిగినను గుట్ట మునుగలేదు. చుట్టును నీరు, నడుమ గుట్ట, పైన గుడి. దత్తజయంతికి భక్తులు పడవలలో పోయి దర్శించుకొందురు. మేము జయంతి యైన నాలుగుదినములకు, జనసమ్మర్దము తగ్గిన తరువాత బయలుదేరితిమి. నేతకాని భార్య సర్వపిండి కాల్చి యిచ్చినది. బస్సు, ఆటో, కొంత నడక. ఒడ్డున చేపలుపట్టు పడుచువాడొకడు ఫైబరు పడవకు చిన్నయంత్రము కట్టుకొని యున్నాడు. నేతకాడు బేరమాడి, పోయివచ్చుటకు ముగ్గురికి మూడువందలని కుదిర్చెను. పోస్టుమాస్టరుండిన రెండువందల యేబదికి కుదిర్చెడివాడు.

పడవలో తేలుచొక్కాలు రెండే యున్నవి. మూడవది తెచ్చువరకు ఎక్కమంటిమి. 2019 సెప్టెంబరు 15వ తేదిన కచ్చులూరువద్ద గోదావరిలో పాపికొండలకు పోవు పడవ మునిగి ఎందరు పోయిరో మనము వినియున్నాము. ఊరివాడే గదా, నీరు కదలకున్నది గదా యని చొక్కా తొడుగక ఎక్కుట తప్పు. వినుచున్న పెద్దలు కూడ పిల్లలకు ఈ సంగతి చెప్పవలెను. ఆ పడుచువాడు విసుగుకొనకయే పోయి ఇంకొకటి తెచ్చినాడు. తొడుగుచు పటేలు, "మా ఊళ్లెకు పోనీకె దీని అవుసరం పడుతదనుకోలే" అనెను.

నీరు నిండుగానున్నది. ఎండ తెల్లగానున్నది. నిజము చెప్పవలెనన్న, చక్కగా నున్నది. దూరమున గుట్ట అద్దములో నిలిచినట్లున్నది. అచ్చటచ్చట ఎండిన తాటిమొద్దులు మొండెములై నీటినుండి పైకి వచ్చియున్నవి. ఒక్కొక్కదానిపై ఒక్కొక్క నీరుకాకి రెక్కలు ఆరబెట్టుకొనుచు కూర్చున్నది. పడవవాడు గుట్టవైపు సూటిగా నడుపుచుండెను. కొంతదూరము పోయిన తరువాత పటేలు చేయెత్తి, "బిడ్డా, కొంచెం ఎడమకు తిప్పు" అనెను. పడవవాడు, "అటు ఏం లేదు తాతా, నీళ్లే" అనెను. "నీళ్లే. తిప్పు."

వాడు తిప్పెను. నాకు నీరుతప్ప ఏమియు కనబడలేదు. పటేలుకు అంతయు కనబడుచుండెను. మూడు తాటిమొద్దులను చూచి, "గివి మా ఈత వనం పక్కన తాళ్లు. గీన్నుంచి బజారు" అని మొదలిడి, వ్రేలు చూపుచు పోయెను. కుడిప్రక్క ఎల్లమ్మగుడి. ఎడమప్రక్క బడి. అటు మంగలివారి యిల్లు. ఇటు కోమటి దుకాణము. ఆ కోమటి చిల్లర ఇయ్యక బెల్లపుముక్క యిచ్చెడివాడట. పడవవాడు వేగము తగ్గించి, ఏమియు అడుగక, అతని వ్రేలినిబట్టి తిప్పుచుండెను. ఆలప్పుళ పడవలో పైవాని గంటనుబట్టి క్రిందివాడు నడిపినట్లు నాకు తోచినది.

ఒకచోట వాడు మలుపు తగ్గించుటకై అడ్డముగా పోనిచ్చెను. పటేలు చప్పున వాని భుజముమీద చేయివేసి, "అట్ల పోకు బిడ్డా. అది ఇల్లు. ఇంటిమీదికెల్లి పోవద్దు. బజార్లకెల్లి పో" అనెను.

పడవవాడు యంత్రము ఆపినాడు. తెడ్డుతో వెనుకకు త్రోసి, చుట్టు తిప్పి, నీళ్ళమీద లేని బజారు వెంబడి పడవను తీసికొనిపోయెను. అట్లే ఇంటింటిని తప్పించుకొనుచు, మూల తిరిగి, పటేలు వాకిటివద్ద ఆపినాడు. వాకిలియని అతడు చెప్పినందున వాకిలి. సాంచెల మిత్రుడు ఆ దినమున కేకవేయలేదు. నేనతనిని నలువదియేండ్లనుండి ఎరుగుదును. అతడు మెల్లగా మాటలాడుట అప్పుడే వింటిని. "చింతచెట్టు ఎక్కడ?" అని అడిగెను. పటేలు పడవ అంచుననుండి చేయి నీటిలో ముంచి, కొంచెము కదిపి, "గీన్నే. కొమ్మలు ఇరిగినయేమో. మొద్దు ఉంటది" అనెను.

నేను అప్పుడు చెప్పితిని. కావాలము పోవునాడు పడవలో నేనన్నమాట తప్పు పటేలా, నవ్వులకు అంటిని, అనకుండవలసినది అని. చెప్పుటకు నాకు ఏడేండ్లు పట్టినది. అతడు నీటివైపే చూచుచు, "అబద్ధమా పంతులూ నువ్వన్నది? సక్కగనే ఉన్నది గద. చూసెటోనికి సక్కగనే ఉన్నది" అనెను. కొంతసేపటికి మరల, "నువ్వొక్కనివే అన్నవు. మిగిలినోళ్లు గదీ అనలే. పైసలెంతొచ్చినయనే అడిగిండ్రు" అనెను. ఆ మాటను క్షమయనుకొనవలెనో, మరియేమనుకొనవలెనో నాకు నేటికిని తెలియలేదు.

తరువాత గుట్టకు పోయితిమి. మెట్లెక్కి దర్శనము చేసికొని, కొబ్బరికాయ కొట్టి, నీడన కూర్చుండి సర్వపిండి తింటిమి. పడవవానిని కూడ కూర్చుండబెట్టితిమి. వాని తండ్రిదియు ముంపు ఊరేయట. మునుగునప్పటికి వాడు పండ్రెండేండ్లవాడు. ఇప్పుడు ఆ నీటిలోనే వల వేయుచున్నాడు. వాడు పటేలుతో, "తాతా, మాదాంట్ల బజార్లు నాకంత యాదిలేవు. ఒకనాడొచ్చి చూపిస్తవా? మీదికెల్లి పోతున్ననేమో ఎరుకలేదు" అనెను. పటేలు వాని ఊరు, తండ్రిపేరు, ఇంటిపేరు అడిగి, "ఎరుకనే. హనుమాండ్లగుడి ఎనుక సందు" అని, సర్వపిండి ఇంకొక ముక్క విరిచి వానికిచ్చెను.

తిరిగి వచ్చునప్పుడు ఎండ వాలినది. వంతెనమీద కొందరు పడుచువాండ్రు నిలిచి చిత్రములు తీసికొనుచుండిరి. మా పడవనుచూచి చేతులూపిరి. పటేలును చేయి ఊపెను.

ఒడ్డుకు చేరినపిమ్మట నేను పోస్టుమాస్టరు చిట్టా తీసి లెక్కవ్రాసితిని. బస్సు, ఆటో, కొబ్బరికాయ, పడవ, అన్నియు గలిపి ముగ్గురికి ఆరువందల పదిరూపాయలు. పటేలు తన వంతు రెండువందలమూడు రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టెను. మిగిలిన రూపాయి నేతకాడు ఇచ్చెను. బస్సుకొరకు నిలిచియుండగా పటేలు నాతో, ఎండకాలము నీళ్ళు దిగినప్పుడు నడిచియే పోవచ్చుననియు, ఆ చింతమొద్దు నాకు చూపుననియు చెప్పెను. బస్సు రాగానే ముందుగా ఎక్కి, కిటికీప్రక్కన కూర్చుండి, నాకును చోటు పట్టియుంచెను.